సందేహాలకు సమాధానమిచ్చి శిక్షకు గురైన సంపాదకుడు: రఘునాథ్ కర్వే జీవితం

1934లో బొంబాయి న్యాయస్థానంలో ఒక మరాఠీ మాసపత్రిక సంపాదకుడు అశ్లీల రచనల ప్రచురణ అభియోగంపై నిలబడ్డారు. వివాదాస్పదమైనది కథ కాదు, కవిత కాదు. పాఠకులు తమ దేహాల గురించి, తమ కోరికల గురించి ఉత్తరాల ద్వారా అడిగిన ప్రశ్నలకు ఆయన అచ్చులో ఇచ్చిన సమాధానాలు మాత్రమే. నిందితుని పేరు రఘునాథ్ ధోండో కర్వే. ఆయన పక్షాన వాదించిన న్యాయవాది డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్. తీర్పు కర్వేకు ప్రతికూలంగా వెలువడింది. 200 రూపాయల జరిమానా పడింది.

భారతదేశంలో తొలి సంతాన నిరోధ వైద్య కేంద్రాన్ని నెలకొల్పిన వ్యక్తిగా కర్వే పేరు చరిత్రలో నమోదైంది. అయితే ఆయన కృషిలో అంతకన్నా కష్టతరమైన భాగం మరొకటి ఉంది. పెళ్లికి ముందూ, పెళ్లయిన కొత్తలోనూ యువతీయువకులు ఎవరినీ అడగలేక లోలోపల కుమిలిపోయే సందేహాలను వారి మాతృభాషలోనే స్వీకరించి, వారి మాతృభాషలోనే నివృత్తి చేయడానికి ఆయన పూనుకున్నారు. గ్రామాలలో, పాఠశాలలలో కౌమార ఆరోగ్య కార్యక్రమాలు నేడు చేయదలచిన పని సరిగ్గా ఇదే. ఆ పనికి తొలినాళ్లలో ఒక వ్యక్తి చెల్లించిన మూల్యం ఆయన జీవితకథలో కనిపిస్తుంది.

తల్లి మరణం, తండ్రి సంస్కరణ

రఘునాథ్ 1882 జనవరి 14న కొంకణ తీరంలోని రత్నగిరి ప్రాంతానికి చెందిన మురుద్‌లో జన్మించారు. తండ్రి ధోండో కేశవ్ కర్వే తరువాతి కాలంలో మహర్షి కర్వేగా దేశమంతటా ప్రఖ్యాతి గాంచారు. తల్లి రాధాబాయి. ఆనాటి ఆచారం ప్రకారం 14 ఏళ్ల ధోండోకు 8 ఏళ్ల రాధాబాయినిచ్చి పెద్దలు వివాహం జరిపించారు. 1891లో, 27 ఏళ్ల వయసులో, ఆమె కాన్పు సమయంలో కన్నుమూశారు. అప్పటికి రఘునాథ్‌కు తొమ్మిదేళ్లు.

ఆ 1891వ సంవత్సరం మరో విధంగానూ గుర్తుంచుకోదగినది. బెంగాల్‌లో ఫూల్మణి దాసి అనే బాలిక వివాహానంతరం భర్త చేతిలో మృతి చెందిన ఉదంతం దేశాన్ని కుదిపివేసిన దరిమిలా, బ్రిటిష్ ప్రభుత్వం దాంపత్య సంబంధానికి బాలికల కనీస సమ్మతి వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచుతూ అదే ఏడాది చట్టం చేసింది. ఆ స్వల్పమైన మార్పును సైతం పుణె, కలకత్తా నగరాలలోని సంప్రదాయవాదులు తీవ్రంగా ప్రతిఘటించారు. బాలికల దేహం గురించి, కాన్పుల గురించి, వయసు గురించి బహిరంగంగా మాట్లాడటమే ధర్మవిరుద్ధమని భావించిన వాతావరణంలో రఘునాథ్ బాల్యం గడిచింది.

భార్య మరణానంతరం ధోండో కేశవ్ కర్వే 1893లో గోదూబాయి అనే వితంతువును వివాహమాడి సంచలనం సృష్టించారు. సొంత ఊరు ఆయనను వెలివేసింది. అయినా ఆయన వెనుదిరగలేదు. 1896లో వితంతు ఆశ్రమానికి పునాది వేశారు. 1916లో దేశంలోనే తొలి మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. సంఘాన్ని ఎదిరించడం ఎలాగో కుమారునికి ఇంట్లోనే తెలిసివచ్చింది. అయితే తండ్రి ఎంచుకున్న మార్గం విద్య ద్వారా స్త్రీల ఉద్ధరణ. కుమారుడు ఎంచుకున్న మార్గం అంతకన్నా ఇరుకైనది. ఆ కాలపు సంస్కర్తలలో అనేకులు సైతం ఆ దారిలో వెంట నడవడానికి సంకోచించారు.

గణిత అధ్యాపకుని రెండో చదువు

రఘునాథ్ చదువులో అసాధారణ ప్రతిభ కనబరచారు. 1899లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ప్రథమ స్థానం పొందారు. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో 1904లో పట్టభద్రులయ్యారు. గణితశాస్త్ర బోధనను వృత్తిగా స్వీకరించి బొంబాయిలోని విల్సన్ కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన అనంతరం గణితంలో ఉన్నత విద్య కోసం ఫ్రాన్స్ వెళ్లారు. ఫ్రెంచి భాషపై ఆయనకు మంచి పట్టు ఉండేది. లైంగిక శాస్త్రంపై ఐరోపాలో అప్పుడప్పుడే వెలువడుతున్న పరిశోధనలను ఆయన శ్రద్ధగా చదివారు. ఇంగ్లండులో హేవ్‌లాక్ ఎల్లిస్ వంటి వారు మానవ లైంగికతను పాపపుణ్యాల పరిధి నుంచి తప్పించి పరిశీలనకు లోబడే విషయంగా మలచిన కాలం అది. గణితం నేర్పిన హేతుబద్ధతతో కర్వే ఆ శాస్త్రాన్ని సమీపించారు. మతవిశ్వాసాలకు ఆయన ఆలోచనలో చోటు లేదు.

1921లో ఆయన బొంబాయిలో సంతాన నిరోధ వైద్య కేంద్రాన్ని ప్రారంభించారు. మేరీ స్టోప్స్ లండన్‌లో తన తొలి కేంద్రాన్ని తెరచినది కూడా అదే ఏడాది. అంతకు ఐదేళ్ల క్రితం న్యూయార్క్‌లో ఇటువంటి కేంద్రాన్నే తెరచిన మార్గరెట్ శాంగర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. గర్భనిరోధక మాత్రలు అప్పటికి లేవు. రబ్బరు తొడుగులు, గర్భాశయ ముఖద్వారాన్ని కప్పే మూతలు, స్పాంజీలు, కొన్ని రసాయనాలు మాత్రమే లభ్యమయ్యేవి. వాటిలో అధికభాగం విదేశాల నుంచి దిగుమతి కావలసిందే. వాటి పేరు సైతం పదిమందిలో ఉచ్చరించడం మర్యాద కాదని భావించే రోజులలో, ఒక కళాశాల ఆచార్యుడు వాటి వాడకాన్ని వివరించడానికి సిద్ధపడ్డారు.

కళాశాల యాజమాన్యం దీనిని సహించలేదు. క్రైస్తవ మిషనరీల నిర్వహణలోని ఆ విద్యాసంస్థ, సంతాన నిరోధంపై బహిరంగ ప్రచారాన్ని మానుకోవడమో, ఉద్యోగాన్ని వదులుకోవడమో తేల్చుకోవలసిన స్థితి కల్పించింది. కర్వే ఉద్యోగాన్ని వదులుకున్నారు. ఆ తరువాత ఆయనకు స్థిరమైన ఆదాయం కరవైంది. భార్య మాలతీబాయి ఈ నిర్ణయంలోనూ, తరువాతి కష్టాలలోనూ ఆయనకు తోడుగా నిలిచారు. తమకు పిల్లలు వద్దని ఆ దంపతులు తమంతట తాము నిశ్చయించుకున్నారు. ఇతరులకు బోధించిన దానిని స్వయంగా ఆచరించడం ఆయన స్వభావంలో భాగం.

1923లో ఆయన సంతాన నిరోధంపై మరాఠీలో ఒక పుస్తకం ప్రచురించారు. 1934లో ఆధునిక కామశాస్త్రంపై మరో గ్రంథం వెలువరించారు. రెండింటిలోనూ ఆయన వాదన స్థిరంగా ఒకటే. కాన్పుల సంఖ్యను, వాటి మధ్య విరామాన్ని నిర్ణయించుకునే అధికారం స్త్రీకి ఉండాలి. లైంగిక ఆనందం పురుషుని ఏకపక్ష హక్కు కాదు, స్త్రీకీ అందులో సమాన భాగం ఉంది. ఈ రెండో ప్రతిపాదనే మొదటిదానికన్నా ఎక్కువ ఆగ్రహాన్ని రేకెత్తించింది.

పత్రిక ఒక ప్రశ్నోత్తర వేదిక

1927 జులైలో కర్వే 'సమాజ్ స్వాస్థ్య' మాసపత్రికను ప్రారంభించారు. సమాజ ఆరోగ్యం అని దాని అర్థం. వ్యక్తులకు, సమాజానికి శారీరక, మానసిక ఆరోగ్యం చేకూర్చే విషయాలను చర్చించడం దాని లక్ష్యం. సంతాన నిరోధం, సుఖవ్యాధుల నివారణ, వివాహ వ్యవస్థ, ఆహారం, నగ్నత పట్ల సమాజపు భయాలు వంటి అంశాలపై అందులో వ్యాసాలు వచ్చేవి. ముఖచిత్రాలపై నగ్న చిత్రాలు అచ్చువేయడానికి సైతం ఆయన వెనుకాడలేదు. దేహం సిగ్గుపడవలసినది కాదన్న తన సిద్ధాంతానికి అది కొనసాగింపని ఆయన భావించారు. వాటి మూలంగానే పత్రికను బాహాటంగా కొనడానికి జంకినవారు కూడా ఉన్నారు.

పత్రికకు ప్రాణం పోసినది పాఠకుల ప్రశ్నల శీర్షిక. నగరాల నుంచి, చిన్న పట్టణాల నుంచి ఉత్తరాలు వచ్చేవి. వాటిని రాసినవారిలో ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతి పురుషులు. వారిలోనూ యువకుల ఆందోళనలు ప్రత్యేకమైనవి. వీర్యనష్టం వల్ల బలం, బుద్ధి, ఆయుష్షు క్షీణిస్తాయన్న విశ్వాసం ఆనాడు బలంగా పాతుకుపోయింది. బ్రహ్మచర్యాన్ని దేశభక్తితో ముడిపెట్టి బోధించే రచనలు విరివిగా వెలువడేవి. వార్తాపత్రికలలో ధాతుపుష్టి మందుల ప్రకటనలు ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవి. హస్తప్రయోగం చేసినందుకు, నిద్రలో స్ఖలనం జరిగినందుకు తమ జీవితం నాశనమైందని నమ్మిన కుర్రవాళ్లు కర్వేకు రాసేవారు. పెళ్లయినవారు కాన్పుల మధ్య విరామం పాటించడం ఎలాగని అడిగేవారు. స్వలింగ ఆకర్షణ గురించి అడిగినవారూ ఉన్నారు.

కర్వే సమాధానాలు పొట్టివి, సూటివి. వాటిలో ఓదార్పు మాటలు తక్కువ. హస్తప్రయోగం వల్ల ఆరోగ్యానికి హాని లేదని, హాని చేస్తున్నది దాని చుట్టూ అల్లిన భయమేనని ఆయన మళ్లీ మళ్లీ వివరించారు. బ్రహ్మచర్యం వల్ల శక్తి నిలువ ఉంటుందన్న సిద్ధాంతానికి శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పారు. ప్రశ్న ఎంత అమాయకంగా ఉన్నా, ఎంత మొరటుగా ఉన్నా ప్రశ్నించినవారి శీలంపై తీర్పు చెప్పలేదు. నేటి వైద్యశాస్త్రం ఈ విషయాలలో ఆయన పక్షానే ఉంది.

ఇక్కడ భాష నిర్వహించిన పాత్రను గమనించాలి. అదే బొంబాయి నుంచి వైద్యుడు ఎ.పి. పిళ్లై సంపాదకత్వంలో 1934లో 'మ్యారేజ్ హైజీన్' అనే ఆంగ్ల పత్రిక మొదలైంది. దానిలోనూ సంతాన నిరోధం, లైంగిక శాస్త్రమే చర్చనీయాంశాలు. కాని దానిని చదివేవారు వైద్యులు, పండితులు. కర్వే పత్రికను ఇంట్లో ఎవరైనా తెరచి చదవవచ్చు. ఒక శాస్త్ర విషయం ఆంగ్లంలో ఉన్నంతకాలం విజ్ఞానంగా చెలామణి అయి, ప్రజల వాడుక భాషలోకి దిగగానే బూతుగా మారిపోవడం ఆయనకు ఎదురైన అసలు చిక్కు. దేహభాగాలకు, దేహధర్మాలకు సంస్కృత పదాలు వాడితే అర్థం కాదు, వాడుక మాటలు వాడితే తిట్టులా వినిపిస్తుంది. మర్యాద చెడని, అర్థం చెడని మాటలను మరాఠీలో వెదికి స్థిరపరచడానికి ఆయన 26 ఏళ్లు శ్రమించారు. తెలుగుతో సహా భారతీయ భాషలన్నింటిలోనూ ఆరోగ్య కార్యకర్తలు ఈనాటికీ ఎదుర్కొంటున్న సమస్య ఇదే.

రెండు కేసులు, ఒక న్యాయవాది

ఆ రోజులలో సంతాన నిరోధంపై దేశంలో ఏకాభిప్రాయం లేదు. కృత్రిమ సాధనాలను మహాత్మా గాంధీ వ్యతిరేకించారు. ఆత్మనిగ్రహమే ఏకైక మార్గమని 1925 నుంచి ఆయన రాస్తూ వచ్చారు. 1935 చివరిలో మార్గరెట్ శాంగర్ వార్ధా వెళ్లి ఆయనతో సుదీర్ఘంగా చర్చించినా ఆ అభిప్రాయం మారలేదు. మరోవైపు మైసూరు సంస్థానం 1930లోనే ప్రభుత్వ ఆధ్వర్యంలో సంతాన నిరోధ కేంద్రాలను తెరచింది. అఖిల భారత మహిళా సభ 1930 దశకంలో ఈ ఉద్యమానికి మద్దతు ప్రకటించింది. అయితే ఈ చర్చ అంతా వివాహితులైన తల్లుల ఆరోగ్యం గురించి. అవివాహిత యువత ప్రశ్నల గురించి మాట్లాడేవారు దాదాపుగా లేరు.

1931లో కర్వేపై మొదటి కేసు నమోదైంది. వ్యభిచార సమస్యను చర్చిస్తూ ఆయన ప్రచురించిన వ్యాసం అశ్లీలమని సంప్రదాయవాదులు ఫిర్యాదు చేశారు. న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ధారించి 100 రూపాయల జరిమానా విధించింది. అప్పీలు ఫలించలేదు.

1934లో రెండో కేసు వచ్చింది. ఈసారి ఆరోపణ పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలపై. హస్తప్రయోగం, స్వలింగ సంబంధాల వంటి విషయాలు అందులో ఉన్నాయి. ఈ దశలో అంబేడ్కర్ ఆయన తరఫున నిలబడ్డారు. రౌండ్ టేబుల్ సమావేశాలు, 1932 నాటి పుణె ఒప్పందం ముగిసి అంబేడ్కర్ దేశ రాజకీయాలలో కీలక స్థానంలో ఉన్న సమయమది. జనాదరణ లేని ఇటువంటి కేసును చేపట్టడం వల్ల ఆయనకు రాజకీయంగా ఒరిగేదేమీ లేదు.

అంబేడ్కర్ వాదన రెండు అంచెలలో సాగింది. లైంగిక విషయాలపై రాసిన ప్రతి రచననూ అశ్లీలంగా పరిగణించరాదన్నది మొదటిది. ప్రశ్నలు వికృతమైనవైతే వాటిని అచ్చువేయడం ఎందుకన్న ఆక్షేపణకు జవాబు రెండోది. లైంగిక సమస్యలను చర్చించడమే పనిగా పెట్టుకున్న పత్రిక పాఠకుల ప్రశ్నలకు బదులివ్వక తప్పదని, వికృతి ఏదైనా ఉంటే దానిని తొలగించగలిగేది జ్ఞానమేనని ఆయన వివరించారు. హేవ్‌లాక్ ఎల్లిస్ వంటి శాస్త్రవేత్తల పరిశోధనలను న్యాయస్థానం ముందుంచారు. సహజసిద్ధమైన లైంగిక ప్రవృత్తి గలవారు తమ పద్ధతిలో సంతోషంగా జీవించడంలో తప్పేమిటన్న దాకా ఆయన వాదన వెళ్లింది. న్యాయస్థానం అంగీకరించలేదు. 200 రూపాయల జరిమానా ఖరారైంది. అంతంతమాత్రపు రాబడి గల పత్రికకు అది చిన్న మొత్తం కాదు.

కర్వే ఓడిపోయారు కాని ప్రశ్నల శీర్షికను మూసివేయలేదు. అంబేడ్కర్ సైతం ఈ అంశాన్ని అక్కడితో వదలలేదు. 1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో సంతాన నిరోధానికి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలన్న తీర్మానం చర్చకు వచ్చింది. అంబేడ్కర్ సిద్ధం చేసిన ప్రసంగాన్ని ఆయన పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ సభ ముందుంచారు. వరుస కాన్పుల వల్ల తల్లుల ఆరోగ్యం క్షీణిస్తున్న తీరును, పేద కుటుంబాలపై పడుతున్న భారాన్ని ఆ ప్రసంగం వివరించింది. సభలో అధిక సంఖ్యాకులు వ్యతిరేకించడంతో తీర్మానం వీగిపోయింది.

ఒంటరి పయనం

కర్వే సంస్థా నిర్మాత కాదు. తండ్రి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించి ఆశ్రమాన్ని, విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. కుమారుని చుట్టూ అటువంటి బలగం ఏర్పడలేదు. రాజీపడని ధోరణి, మొహమాటం లేని మాట తీరు ఆయనకు మిత్రులకన్నా విరోధులను ఎక్కువగా సంపాదించిపెట్టాయి. పత్రికను నడపడానికి అప్పులు చేయవలసి వచ్చింది. రాయడం, దిద్దడం, ఉత్తరాలకు బదులివ్వడం చాలావరకు ఆయనే చేసుకునేవారు.

ఆయన ప్రభావం సోకిన కొద్దిమందిలో బంధువైన శకుంతలా పరాంజపే ముఖ్యులు. కేంబ్రిడ్జ్‌లో గణితం చదివి వచ్చిన ఆమె, ఆయన పత్రికలో రచనలు చేశారు. పుణెలో సంతాన నిరోధ ప్రచారాన్ని చేపట్టి దశాబ్దాల పాటు కొనసాగించారు. అనంతర కాలంలో మహారాష్ట్ర శాసన మండలిలోనూ, 1964 నుంచి 1970 వరకు రాజ్యసభలోనూ సభ్యురాలిగా ఉన్నారు. 1991లో పద్మభూషణ్ అందుకున్నారు.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి వేగంగా మారింది. 1949లో ధన్వంతి రామారావు, అవాబాయి వాడియా తదితరుల చొరవతో భారత కుటుంబ నియంత్రణ సంఘం బొంబాయిలో ఏర్పడింది. 1952లో ప్రపంచంలోనే మొదటిసారిగా జాతీయ స్థాయి కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని భారత ప్రభుత్వం చేపట్టింది. అదే ఏడాది నవంబరులో బొంబాయిలో అంతర్జాతీయ సదస్సు జరిగి, ప్రపంచవ్యాప్త సమాఖ్యకు అంకురార్పణ జరిగింది. మూడు దశాబ్దాల క్రితం ఉద్యోగం పోగొట్టిన అభిప్రాయం ప్రభుత్వ విధానంగా మారడాన్ని కర్వే కళ్లారా చూశారు.

1953 అక్టోబరు 14న ఆయన కన్నుమూశారు. ఆ ఏడాది నవంబరు సంచికతో సమాజ్ స్వాస్థ్య ఆగిపోయింది. తండ్రి ధోండో కేశవ్ కర్వే అప్పటికింకా జీవించే ఉన్నారు. ఐదేళ్ల తరువాత, 1958లో, ఆయనను దేశం భారతరత్నతో సత్కరించింది. 1962లో 104 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. తండ్రికి దక్కిన గౌరవంలో స్వల్ప భాగం కూడా కుమారునికి జీవించి ఉండగా దక్కలేదు. 2001లో అమోల్ పాలేకర్ దర్శకత్వంలో వచ్చిన 'ధ్యాస్ పర్వ' చిత్రం ద్వారా మరో తరం ఆయనను తెలుసుకున్నది.

సాధనం అందింది, సమాధానం ఆలస్యమైంది

కర్వే పోరాడిన చట్టపరమైన అంశం ఆయన మరణించిన 16 ఏళ్లకు పరిష్కారానికి నోచుకుంది. 1969లో భారత శిక్షాస్మృతిలోని అశ్లీలతకు సంబంధించిన 292వ సెక్షన్‌ను పార్లమెంటు సవరించింది. విజ్ఞానం, సాహిత్యం, కళ, విద్య వంటి ప్రజాప్రయోజనాల దృష్ట్యా సమర్థనీయమైన ప్రచురణలకు అందులో మినహాయింపు లభించింది. లైంగిక విషయంపై రాసినదల్లా అశ్లీలం కాదన్న 1934 నాటి వాదనకు ఆ విధంగా చట్టంలో చోటు దొరికింది.

ప్రభుత్వ కార్యక్రమం మాత్రం చాలాకాలం వేరొక బాటలో నడిచింది. 1968లో నిరోధ్ మార్కెట్లోకి వచ్చింది. ఎర్ర త్రికోణం గుర్తు గోడలకెక్కింది. కాని దృష్టి అంతా జననాల సంఖ్యపైనే కేంద్రీకృతమైంది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77లో, లక్ష్యాల పేరిట 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో నిర్బంధంగా జరిగినవి అనేకం. వ్యక్తి తెలుసుకొని, తన ఇష్టప్రకారం నిర్ణయించుకోవాలన్న కర్వే ఆలోచనకు ఇది పూర్తిగా విరుద్ధం. 1994 కైరో జనాభా సదస్సు అనంతరం, 1996లో, ప్రభుత్వం లక్ష్యాల పద్ధతికి స్వస్తి పలికింది. ఆ తరువాతనే యువత అవసరాలు ప్రత్యేకంగా విధాన పత్రాలలోకి ప్రవేశించాయి.

2005లో పాఠశాలల కోసం కౌమార విద్యా కార్యక్రమం మొదలైంది. రెండేళ్లకే, 2007లో, బోధనా సామగ్రి సంస్కృతికి విరుద్ధంగా ఉందంటూ పలు రాష్ట్రాలు దానిని నిలిపివేశాయి. కర్వే పుట్టి పెరిగిన మహారాష్ట్ర వాటిలో ఒకటి. 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ ప్రారంభమైంది. 10 నుంచి 19 ఏళ్ల వయసు వారికి పోషణ, లైంగిక, ప్రజనన ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, హింస నివారణ వంటి అంశాలపై సేవలందించడం దీని ఉద్దేశం. ఊరిలోని యువతీయువకులనే ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, తోటివారికి సలహాలిచ్చే సాథియాలుగా తీర్చిదిద్దడం ఇందులో ప్రధాన వ్యూహం. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య కేంద్రాలలోని కౌమార సలహా విభాగాలు వారికి అండగా ఉండాలి. పేరు రాయకుండా చీటీపై ప్రశ్న రాసి పెట్టెలో వేసే పద్ధతిని ఇటువంటి తరగతులలో విరివిగా వాడతారు. ప్రశ్నించినవారి గుట్టు బయటపడకుండా సందేహం తీర్చాలన్న సూత్రం సమాజ్ స్వాస్థ్య ఉత్తరాల శీర్షికకు సన్నిహితమైనది.

ఈ పని అవసరం తీరిపోలేదని గణాంకాలు తెలుపుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే వివాహమైనవారు దేశంలో 23.3 శాతం. తెలంగాణలో ఇది 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. 15-19 ఏళ్ల బాలికలలో సర్వే నాటికే తల్లులైనవారు లేదా గర్భవతులు దేశంలో 6.8 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో సమగ్ర లైంగిక విద్య ఆవశ్యకతను ప్రస్తావిస్తూ, దానిని అమలు చేసే విషయాన్ని పరిశీలించాలని కేంద్రానికి సూచించింది.

కర్వే కృషికి పరిమితులు లేకపోలేదు. ఆయన పత్రిక అక్షరాస్యులకే చేరింది. ఉత్తరాలు రాసినవారిలో పురుషులే అధికం. స్త్రీల సమాన హక్కు కోసం అంతగా వాదించినా, స్త్రీల ప్రశ్నలు ఆయనకు తక్కువగానే అందాయి. రాధాబాయి వలె చిన్ననాటనే అత్తవారింట అడుగుపెట్టిన బాలికకు పత్రిక చదివే చదువు లేదు, ఉత్తరం రాసే స్వేచ్ఛ అసలే లేదు. ఆ బాలిక ఇంటి గుమ్మం దాకా వెళ్లగలిగే ఏర్పాటు ఒక మాసపత్రికకు సాధ్యం కాదు. అంగన్‌వాడీ కేంద్రానికి, ఆశా కార్యకర్తకు, తోటి వయసు సాథియాకు అది సాధ్యం. వారి వద్దకు వచ్చి నోరు తెరచి అడిగిన బాలికకు మందలింపు కాక సమాధానం దొరికే ఊళ్లలో, కర్వే 1927లో తలపెట్టిన పని ఆయన చేరలేకపోయిన వారి దాకా చేరుతోంది.